తీగకూ లస్కరు కావాలి

గౌతమి దాటి అమలాపురం వైపు రైలు ఇంకా రాలేదు. కోటిపల్లి–నరసాపురం లైను కోసం తరాలుగా ఎదురుచూపే మిగిలింది. రైలు రాని ఈ కోనసీమకు ఆప్టికల్ ఫైబర్ మాత్రం రాష్ట్రంలో చాలా ప్రాంతాలకంటే ముందే వచ్చింది. 2016 డిసెంబరు చివర్లో సఖినేటిపల్లి మండలం మోరిలో ఇంటింటికీ ఫైబర్ కనెక్షన్ ఇచ్చి, ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌కు ఆ ఊరినే నమూనాగా చూపించారు. నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్, దాదాపు 250 చానళ్లు, ఒక టెలిఫోన్ ఇస్తామన్నారు. ఏడాది తిరిగాక, 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ పథకాన్ని రాష్ట్రమంతటికీ ప్రారంభించారు. మరో ఐదున్నరేళ్లకు, 2023 జూన్ 2న విశాఖపట్నంలో ఈ గ్రిడ్‌ను నడిపే ప్రభుత్వ సంస్థ ఫైబర్‌నెట్ ఇంకో అడుగు వేసింది. కొత్త సినిమాను విడుదల రోజునే ఇంటి టీవీకి పంపుతామని చెప్పి, దానికి ‘ఫస్ట్ డే ఫస్ట్ షో’ అని పేరు పెట్టింది. మొదటి సినిమా ‘నిరీక్షణ’. 99 రూపాయలు కడితే 24 గంటల పాటు చూడవచ్చని చెప్పింది. హాలు లేని పల్లెకు కూడా కొత్త సినిమా అందాలన్న కోరిక మంచిదే. కానీ పెద్ద సినిమాలేవీ ఆ దారి పట్టలేదు. విడుదల రోజునే ఎంచుకోవడం అందుకు ఒక కారణం, కానీ అసలు చిక్కు అది కాదు. సినిమా వ్యాపారం తన పని కాకపోయినా ప్రభుత్వ సంస్థ దానిలోకి దిగింది. నిజంగా తన పనైన తీగ సంరక్షణను అంత పట్టుదలగా చూసుకోలేదు. చిక్కంతా అక్కడ ఉంది.

కోనసీమలో దీన్ని చెప్పడానికి కాలువను మించిన ఉదాహరణ లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టాలోకి దిగిన నీరు గన్నవరం దగ్గర వైనతేయ పాయను అక్విడక్టు మీద దాటి రాజోలు సీమకు వెళుతుంది. ఇప్పటి కొత్త అక్విడక్టుకు అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టుకున్నాం. ఆ నీటి దారికి దాదాపు చివర, సముద్రానికి దగ్గరగా ఉంది సఖినేటిపల్లి. శివారు ఆయకట్టు అంటే ఏమిటో అక్కడి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆనకట్ట దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలారన్నది కాగితం మీది లెక్క. ఆ నీరు శివారు చేలో మడి తడిపిందా లేదా అన్నదే అసలు లెక్క. ఆ రెండు లెక్కలనూ కలిపే మనిషి లస్కరు. గట్టు ఎక్కడ తెగింది, తూము ఎక్కడ పూడింది, గుర్రపుడెక్క ఎక్కడ అడ్డుపడింది అని కాలువ వెంట నడిచి చూసేది అతనే. ప్రభుత్వం కాలువ తవ్వింది, లాకులు కట్టింది, లస్కరును పెట్టింది. వరి వెయ్యాలా, కొబ్బరి పెట్టాలా అన్నది మాత్రం రైతుకే వదిలేసింది. ఈ పని విభజన నడిచినంతకాలం డెల్టా పండింది. మురుగు కాలువల పూడిక తీయడం మానేసిన చోట చేలు మునిగాయి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించడానికి గిట్టుబాటు ధర లేకపోవడంతోపాటు ఆ ముంపు కూడా ఒక కారణం. కాలువ కట్టడం ఒక ఎత్తు, దాన్ని ఏటా నడిపించడం ఇంకో ఎత్తు అని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ మన దగ్గర లేదు.

ఫైబర్ గ్రిడ్ కూడా ఒక కాలువే. భూమి తవ్వి కేబుల్ పూడ్చడానికి అయ్యే ఖర్చు భరించలేక, రాష్ట్రం 20 వేల కిలోమీటర్లకు పైగా తీగను కరెంటు స్తంభాల మీదుగా లాగింది. పరికరాలను విద్యుత్ సబ్‌స్టేషన్లలో పెట్టింది. ఖర్చు తగ్గించుకోవడానికి అది తెలివైన పనే, ఆ తెలివిని తప్పుపట్టను. కాని స్తంభం మీది తీగకు కోనసీమలో శత్రువులు ఎక్కువ. ఎండిన కొబ్బరి మట్ట రాలితే తీగ తెగుతుంది. గోదావరికి వరద వస్తే లంక గ్రామాల్లో స్తంభాలు రోజుల తరబడి నీళ్లలో నిలబడతాయి. 1996 నవంబరు తుపాను ఈ సీమలో కొబ్బరి చెట్లను ఎలా నేలకూల్చిందో పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది కూడా ఈ తీరంలోనే. ఇలాంటి చోట తీగ తెగుతుందా లేదా అని అడగడంలో అర్థం లేదు. తెగితే ఎన్ని గంటల్లో అతుకుతారు అన్నదొక్కటే అడగవలసిన ప్రశ్న. ఆ అతుకు వేసేది వెలగపూడిలోని సచివాలయం కాదు, విజయవాడలోని కార్యాలయం కాదు, ఊళ్లో కేబుల్ ఆపరేటరు. ఇంటి దాకా తీగ లాగేది, బాక్సు బిగించేది, నెలనెలా డబ్బు వసూలు చేసేది, ‘నెట్ రావట్లేదు’ అని ఫోన్ చేస్తే నిచ్చెన పట్టుకుని వచ్చేది ఆయనే. ఈ వ్యవస్థలో లస్కరు ఎవరంటే ఆయన పేరే చెప్పాలి. ఆయన వాటా గిట్టుబాటయ్యేలా ఉందా, తెగిన ఫైబరును అతికే స్ప్లైసింగ్ మిషను మండలానికి ఒకటైనా ఉందా, సబ్‌స్టేషనులో పరికరానికి బ్యాటరీ నిలుస్తుందా అన్నవి ప్రారంభోత్సవాల్లో వినపడే మాటలు కావు. ఇంట్లో సినిమా మధ్యలో ఆగిపోవడానికీ ఆగకపోవడానికీ తేడా మాత్రం వీటిలోనే ఉంది.

సినిమాను తీగ మీద పంపడంలో ఒక మెలిక ఉంది. దాన్ని అర్థం చేసుకోకుండా ఈ చర్చ ముందుకు సాగదు. టీవీ చానలు ఫైబరులో వచ్చేటప్పుడు ఒకే ప్రవాహం బయల్దేరి, దారిలో చీలి అందరి ఇళ్లకూ వెళుతుంది. ఊళ్లో పదిమంది చూసినా వెయ్యిమంది చూసినా పైనుంచి వచ్చే బరువు ఒక్కటే. కోరినప్పుడు చూసే సినిమా అలా కాదు. ఒక్కో ఇంటికీ ఒక్కో ప్రవాహం విడిగా రావాలి, ఎవరి బిందె వాళ్లకు మోసినట్టు. మంచి స్పష్టతతో సినిమా చూడటానికి సుమారు 5 ఎంబీపీఎస్ కావాలి. రెండున్నర గంటల సినిమాకు అది ఐదున్నర జీబీకి పైమాటే. ఒక్క ఇంటికి 15 ఎంబీపీఎస్ అంటే పుష్కలమే. కాని సంక్రాంతికి హైదరాబాదు, బెంగళూరు పిల్లలంతా ఊరు చేరిన రాత్రి, రెండు వందల ఇళ్లు ఒకేసారి టీవీ ముందు కూర్చుంటే 1000 ఎంబీపీఎస్ ఆ ఊరి వైపు రావాలి. మండల కేంద్రం నుంచి వచ్చే దారి సన్నగా ఉంటే ప్రతి ఇంట్లోనూ తెర మీద చక్రం తిరుగుతుంది. దీనికి మందు ప్రపంచానికి ఎప్పుడో తెలుసు. నెట్‌ఫ్లిక్స్ 2012 నుంచే తన సినిమాలను నింపిన పెట్టెలను ఇంటర్నెట్ సంస్థల కేంద్రాల్లోనే పెట్టిస్తోంది. ఎక్కువమంది చూసే సినిమా ఒకసారి దూరం నుంచి వచ్చి దగ్గరలో నిల్వ ఉంటుంది, అక్కడి నుంచి ఇళ్లకు పోతుంది. అమలాపురంలో ఒకటి, రాజోలులో ఒకటి, కొత్తపేటలో ఒకటి అలాంటి నిల్వ ఉంటే పండగ రాత్రి బరువు దూరపు కేంద్రం దాకా పోనక్కర్లేదు. కాలువ చివర ఊరచెరువు నింపుకున్నట్టే ఇది. వేసవిలో లాకులు దించినా శివారు ఊరికి తాగునీరు అందేది ఆ చెరువు వల్లనే.

ఫోన్లో ఇంత డేటా వస్తుంటే తీగ దేనికి అన్న మాట తరచూ వినబడుతుంది. మోరికి ఫైబరు రావడానికి దాదాపు నాలుగు నెలల ముందు, 2016 సెప్టెంబరు 5న జియో మొదలైంది. ఆ తర్వాత అరచేతిలో సినిమా అన్నది నిజమే అయింది, దాన్ని కాదనలేం. కాని రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ప్యాకు మీద ఐదున్నర జీబీల సినిమా ఎలా నడుస్తుందో లెక్క వేసుకుంటే తెలిసిపోతుంది. స్పష్టత తగ్గించి, ఒక్కరే, చిన్న తెర మీద చూడాలి. అత్తా కోడలూ మనవలూ కలిసి టీవీ ముందు కూర్చుని చూసే సినిమా అది కాదు. టవరు ఒక్కటే ఆధారమైతే ఏమవుతుందో 2022 మే 24 తర్వాత ఈ సీమ చూసింది. అమలాపురం అల్లర్ల దరిమిలా రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ నిలిపివేస్తే, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నలు కోసం గోదావరి గట్లకు వెళ్లారు. శాంతిభద్రతల నిర్ణయం మంచిచెడ్డలు వేరే చర్చ. జీవనం మొత్తం ఒకే దారి మీద ఆధారపడకూడదన్నది మాత్రం ఆ రోజుల్లో స్పష్టంగా కనిపించింది.

ఇక ప్రభుత్వమే సినిమా కొని పంపడం సంగతి. తీగ నడిపే సంస్థ సినిమా హక్కులు కూడా కొంటే, ఏ సినిమా కొనాలి, ఎంతకు కొనాలి అన్న నిర్ణయం ఎవరో ఒకరి ఇష్టానికి పోతుంది. ఆ ఇష్టం మీద అధికారంలో ఉన్నవారి నీడ పడకుండా ఉండటం కష్టం. 2024 డిసెంబరులో ఒక రాజకీయ సినిమాకు ఫైబర్‌నెట్ చెల్లించిన సొమ్ము మీద లేచిన వివాదం, వెళ్లిన నోటీసులు ఇందుకు తాజా ఉదాహరణ. ఆ వివాదంలో తప్పెవరిదో తేల్చడం ఇక్కడ పని కాదు. ఎవరిదైనా, ఆ సొమ్ము మోరి తీగకు పోవలసింది. కేరళ ఈ పనిని వేరుగా చేసింది. ఫైబరు వేసే కె-ఫోన్ 2023 జూన్ 5న మొదలైంది. సినిమాలు చూపే ‘సీ స్పేస్’ను 2024 మార్చిలో రాష్ట్ర చలనచిత్రాభివృద్ధి సంస్థ విడిగా తెచ్చింది. సినిమాకు 75 రూపాయలు, అందులో సగం నిర్మాతకు. ముందుగా హక్కులు కొనడం ఉండదు, చూసినవాళ్లను బట్టే డబ్బు. ఆ వేదిక ఎంత పెద్దదవుతుందన్నది పక్కన పెట్టినా, తీగనూ సినిమానూ ఒకే చేతిలో పెట్టకపోవడం సరైన పని. మన ఫైబర్‌నెట్ కూడా రవాణాకే పరిమితమై, ఆహా కానీ అమెజాన్ కానీ రేపు పుట్టే చిన్న నిర్మాత యాప్ కానీ, అందరి సినిమానూ ఒకే రేటుకు, ఒకే వేగంతో మోయాలి. కాలువ ఏ రైతు పంటనూ కొనదు, నీటిలో వివక్షా చూపదు.

దీనివల్ల హాళ్లు మూతపడతాయన్న భయం తేలిగ్గా తీసివేయదగింది కాదు. కోనసీమ పల్లెల్లో సినిమా హాలు ఒకప్పుడు తీర్థమంత సందడి. వాటిలో ఎన్నో కల్యాణ మండపాలుగా, గోదాములుగా మారిపోయాయి. దాన్ని తలచుకుంటే ఎవరికైనా బాధే. కాని ఆ మూసివేతలకు ఒక్క ఓటీటీనే కారణం చేయలేం. 2021 ఏప్రిల్‌లో వచ్చిన 35వ నంబరు జీవో గ్రామ పంచాయతీల్లో ఏసీ లేని హాలు టికెట్లను 5, 10, 15 రూపాయలకు కట్టేసింది. 2022 మార్చిలో కొత్త జీవో వచ్చేదాకా ఆ రేటుతో కరెంటు బిల్లు కూడా వెళ్లదని హాళ్లవాళ్లు మొత్తుకున్నారు. 2012 చివర్లో కమల్ హాసన్ ‘విశ్వరూపం’ను డీటీహెచ్‌లో హాలు కంటే ముందే చూపిస్తానన్నప్పుడు హాళ్ల యజమానులు గట్టిగా ఎదురుతిరిగారు, ఆయన వెనక్కి తగ్గారు. వాళ్ల వాదనలో న్యాయం ఉంది. పెద్ద సినిమాకు మొదటి వారాలే హాలుకు ఊపిరి. ఆ వ్యవధి హాలుకే ఉండనివ్వాలి. 2022లో తెలుగు నిర్మాతలు పెద్ద సినిమాలకు హాలుకూ ఓటీటీకీ మధ్య ఎనిమిది వారాల ఎడం పెట్టుకుందామన్నది అందుకే, నేను దానికి మద్దతిస్తాను. ‘ఫస్ట్ డే ఫస్ట్ షో’ తడబడింది సరిగ్గా ఇక్కడే. హాలుతో పోటీ పడే రోజునే ఎంచుకుంది కాబట్టి పెద్ద నిర్మాత దగ్గరికి రాలేదు. ఇంటి తీగకు కావలసిన సినిమా వేరే ఉంది. హాలు దొరకని చిన్న సినిమా, ఎనిమిది వారాలు దాటిన పెద్ద సినిమా, ముప్పై ఏళ్ల నాటి పాత సినిమా. 2020 అక్టోబరులో హాళ్లు మూతపడి ఉన్నప్పుడు ‘కలర్ ఫోటో’ నేరుగా ఆహాలో వచ్చి, ఇళ్లలోనే పేరు తెచ్చుకుని, జాతీయ ఉత్తమ తెలుగు చిత్రం అయింది. మంచం దిగలేని పెద్దాయనకు, వంట ముగిసేసరికి తొమ్మిదయ్యే ఇల్లాలికి, భర్త మస్కట్‌లోనో కువైట్‌లోనో ఉంటే పిల్లలతో రాత్రి ఆటకు వెళ్లలేని తల్లికి హాలు ఎప్పుడూ దూరమే. తీగ మీది సినిమా వీళ్లది.

చివరగా ఒక మాట పైరసీ గురించి, ఎందుకంటే దానిలో ఒక పాఠం ఉంది. 2025 నవంబరులో పైరసీ సైటు ఐబొమ్మ నిర్వాహకుణ్ని హైదరాబాదు సైబర్ పోలీసులు అరెస్టు చేశారు. సినిమా తీసినవాడి కష్టం దొంగిలించడాన్ని ఎవరూ సమర్థించలేరు. అయినా ఆ సైటు పల్లెల్లో అంత పాకడానికి ఉచితం ఒక్కటే కారణం కాదు. తక్కువ డేటాతో, బలహీనమైన సిగ్నల్ మీద కూడా ఆగకుండా నడిచేలా సినిమాను చిన్నదిగా చేసి ఇచ్చింది. శివారు ఇంటికి ఏం అందుతుందో లెక్క వేసుకున్నది దొంగవాడే, చట్టబద్ధంగా అమ్మేవాళ్లు కాదు. ఆ లెక్క ఫైబర్‌నెట్ చేతికి రావాలంటే పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. రబీకి ముందు ఏ కాలువకు ఏ తేదీల్లో వంతు అన్నది ప్రకటించినట్టే, ప్రతి మండలంలో కిందటి నెల తీగ ఎన్నిసార్లు తెగింది, సగటున ఎన్ని గంటల్లో అతికారు, రాత్రి తొమ్మిదికి ఇంట్లో ఎంత వేగం అందింది అన్న మూడు అంకెలు గ్రామ సచివాలయం బోర్డు మీద రాయాలి. గడువులోగా అతికిన ఆపరేటరుకు వాటా పెంచాలి, దాటితే చందాదారుకు ఆ రోజుల డబ్బు తగ్గించాలి. దీన్ని మోరిలోనే మొదలుపెట్టవచ్చు. తీగ ముందు వచ్చిన ఊరు అదే కాబట్టి ముందు పాతబడిన తీగ కూడా అక్కడిదే.