అడవి మూడు దినములు, దీవి నాలుగు దినములు



పుంగనూరు ప్రాంతమునుండి ఒక సోదరి వ్రాసిన జాబు నా చెంత నున్నది. ఆమె కుమారుడు బెంగుళూరున ఉద్యోగి. తల్లిని, నాయనమ్మను, భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని దక్షిణాఫ్రికాలో సింహములను చూచి, అటనుండి మారిషసు దీవికి పోయి సముద్రతీరమున విశ్రమింపవలెనని అతని సంకల్పము. ప్రయాణముల వర్తకులు పంపిన కాగితమును గూడ ఆమె జాబుతో చేర్చినది. అందులో "అడవి మూడు దినములు, దీవి నాలుగు దినములు" అని యున్నది. "ఇంత సొమ్ముతో రెండుమారులు కాశికి పోయిరావచ్చును గదా, ఆఫ్రికాలో మనకేమి పని యని మా యత్తగారు అనుచున్నారు. మీరేమందురు?" అని ఆమె ప్రశ్న.

అత్తగారు అడిగినది మంచి ప్రశ్న. దాని దగ్గరకు వచ్చెదను గాని, మొదట అడవి మాట.

సఫారీ యను మాట తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషది. అరబ్బుల సఫరు అను మాటనుండి పుట్టినది. మన సీమలో ఉర్దూ మాటలాడువారును ప్రయాణమును సఫరనియే యందురు. కాని యొకప్పుడు ఆ ప్రయాణమునకు వేటయే ప్రయోజనము. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యములో తిన్నని కథ చదివినవారికి, మృగములను వెదకికొని అడవికి పోవుట యన్న వేటకు పోవుటయే యని మన పూర్వులును తలచిరని తెలియును. అయితే తిన్నని చేతిలో విల్లుండెను గాని తుపాకి లేదు. తుపాకి చేసిన పని వేరు. దక్షిణాఫ్రికాలోని తెల్ల ఖడ్గమృగములు, ఇవి నిజమునకు తెలుపు గావు, బూడిదవన్నెవే, పందొమ్మిదవ శతాబ్దపు చివరకు నూటికి లోపుగా మిగిలినవి. అవియు నేటాలు సీమలో హ్లుహ్లువే, ఉంఫోలోజీ యను అడవుల ప్రాంతముననే. 1895లో ఆ యడవులను రక్షితవనములుగా ప్రకటించిరి. 1960 తరువాత అచట పెరిగిన మృగములను పట్టి తక్కిన వనములకు పంపిరి. నేడు అందరును చూడబోవు క్రూగరు వనములోని తెల్ల ఖడ్గమృగములు ఈ నేటాలు మృగముల సంతతియే. కొమ్ముకొరకు దొంగలు నేటికిని వానిని చంపుచునే యున్నారు. మన శేషాచలమున ఎర్రచందనమునకు పట్టిన గతి యెరిగిన మనకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

కావున ఆ కాగితములో నేను చేయు మొదటి మార్పు ఇది: క్రూగరునకు బదులు నేటాలు అడవిని చూడుడు. క్రూగరు మిక్కిలి గొప్పదే, దాదాపు పందొమ్మిదివేల అయిదువందల చదరపు కిలోమీటర్లు. హ్లుహ్లువే-ఇంఫోలోజీ 960 మాత్రమే. అయినను ఏనుగు, సింహము, చిరుత, అడవిదున్న, ఖడ్గమృగము, అయిదును అందున్నవి. డర్బను నగరమునుండి సుమారు 280 కిలోమీటర్లే. డర్బను ఎందుకనగా, ముందు చెప్పెదను.

అచటి ఋతువులు మనకు తలక్రిందులు. మే మొదలు సెప్టెంబరు వరకు చలికాలము, వానలుండవు. చెట్ల ఆకులు రాలి, గడ్డి తగ్గి, మృగములు నీటిపట్టులకు చేరును. అప్పుడే చక్కగా కనబడును. మన బిడ్డల వేసవిసెలవులకు ఇది చక్కగా కుదురును. తెల్లవారకముందే లేచి, మూతలేని బండిలో మాటలాడక కూర్చుండవలెను. చలి కొరికివేయును, శాలువలు, చెవులు కప్పుకొను గుడ్డలు మరువరాదు. ఎర్రని, మిరుమిట్లుగొలుపు చీరలు ఆ పూటకు వలదు. దోమల జ్వరమునకు మాత్రలు వలయునో లేదో బయలుదేరకముందే వైద్యుని అడుగవలెను. మూడు దినములకు ఒడలు అలసిపోవును. అందుచేతనే అడవి ముందు, సముద్రము తరువాత. ఈ వరుస నిర్ణయించినవాడు తెలివిగలవాడే.

జోహానెస్‌బర్గు నగరమునుండి మారిషసునకు విమానములో నాలుగు గంటల ప్రయాణము. మన తూర్పు తీరమున మోకాటి లోతున నిలిచినను అల వెనుకకు మరలునప్పుడు కాలిక్రింది యిసుకను లాగివేయును. మారిషసు అట్లు గాదు. దీవి చుట్టును చాలవరకు పగడపుదిబ్బ ప్రహరివలె నున్నది. అలలు దూరముననే విరిగి, లోపలి నీరు చెరువువలె నిలిచియుండును. ఈత రానివారును బిడ్డలను పట్టుకొని దిగవచ్చును. దక్షిణపు కొనలో కొంతమేర ఆ ప్రహరి లేదు, అచట దిగరాదు. నవంబరు మొదలు ఏప్రిలు వరకు గాలివానల భయము. మే, జూను నెలలలో హాయి. వంటయిల్లు, నీళ్ల కుళాయి, పాలవాడు లేని నాలుగు దినములు మన స్త్రీలలో ఎంతమంది ఎరుగుదురు? తీర్థయాత్రకు పోయినను స్టవ్వును, బియ్యపు మూటను వెంట గొంపోవుదుము గదా. నీటియొడ్డున ఊరక కూర్చుండుట సోమరితన మని నేననుకొనను.

ఆ దీవిలోనే డోడో యను ఎగురలేని పక్షి యుండెడిది. 1598లో డచ్చివారు దిగిరి. నూరేండ్లు నిండకమునుపే ఆ పక్షి లేదాయెను. అచటి యొక చిన్న డేగజాతి 1974 నాటికి నాలుగు పక్షులకు వచ్చి, మనుష్యుల శ్రమచే మరల వందలుగా పెరిగినది. బిడ్డలకు ఈ రెండు కథలును కలిపి చెప్పవలెను.

ఇక "ఆఫ్రికాలో మనకేమి పని?"

1860 అక్టోబరులో చెన్నపట్నమునుండి ట్రూరో యను ఓడ బయలుదేరి నవంబరు 16వ తేదీన డర్బను రేవు చేరెను. అందులో 342 మంది మనవారు. చెరకుతోటలలో అయిదేండ్లు పనిచేయుటకు ఒడంబడికపై పోయినవారు. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది నేటాలునకు పోయిరి. వారిలో మూడింట రెండువంతులు చెన్నపట్నపు ఓడలవారు. 1866లో నిలిచిన యీ వలస 1874లో మరల సాగినది, రెండేండ్లకే ధాత కరువు వచ్చినది. చెన్నరాజధానిలో ఎక్కువమందిని పంపిన జిల్లాలలో ఉత్తరార్కాటు ఒకటి. ఉత్తరార్కాటనగా పరాయి సీమ గాదు. దాని ముఖ్యపట్టణము మన చిత్తూరే. 1911లో చిత్తూరు వేరు జిల్లా యైనది. ఆ యేడే నేటాలునకు కూలీల యోడలు నిలిచినవి.

ఆ యోడలలో స్త్రీలు నుండిరి. నూరుగురు మగవారికి నలుబదిమంది స్త్రీలుండవలెనని తరువాతి నియమము. మగవానికి మొదట నెలకు పది షిల్లింగులు, స్త్రీకి అందులో సగము. గడువు తీరినను అచటనే యుండగోరినవారిపై 1895 నాటి శాసనముచే ఏటికి మూడు పౌనుల పన్ను వేసిరి. అనగా ఆ పది షిల్లింగుల కూలివానికి ఆరునెలల జీతము. స్త్రీకి ఏడాది జీతము! 1913 సత్యాగ్రహములో ట్రాన్సువాలు స్త్రీలు న్యూకాసిలు బొగ్గుగనులకు పోయి, పని మానుడని పనివారికి బోధించి చెరసాల కేగిరి. మరుసటి యేడు ఆ పన్ను పోయినది. సముద్రము దాటుట దోషమని శాస్త్రములు వల్లించుచు మన యిండ్లలో కూర్చున్న నాళ్లలో, దాటక బ్రతుకలేని స్త్రీలు దాటిరి.

ఇప్పుడు ఆ కాగితమును మరల చూడుడు. సింహ మున్నది, సముద్ర మున్నది. వీరి మాట ఒక్కటియు లేదు.

మారిషసు కథయు నిట్టిదే. 1834 మొదలు అచటికి ఒడంబడిక కూలీలు పోయిరి. పోర్టు లూయీ రేవున వారు ఓడ దిగి యెక్కిన పదునారు రాతిమెట్లు నేటికిని నిలిచియున్నవి. ఆప్రవాసీ ఘాటని పేరు, 2006లో ప్రపంచవారసత్వ స్థలములలో చేరినది. గోదావరీముఖమున కోరంగి రేవునుండి పోయినవారు గనుక తెలుగువారిని అచట కోరంగివా రనిరి. ఉగాది అచట ప్రభుత్వపు సెలవుదినము. డర్బనులో 1931లోను, మారిషసులో 1947లోను ఆంధ్రమహాసభలు వెలసినవి. వీధిలో పప్పు పూర్ణము పెట్టిన రొట్టెలమ్ముదురు. బెల్లము లేని బొబ్బట్టనుకొనుడు, పేరు ధాల్ పూరీ. శాకాహారులకు దిగులక్కరలేదు.

కావున నా లెక్క యిది. అడవి మూడు దినములు అట్లే యుండనిండు. దీవి నాలుగు దినములలో ఒకటి ఆ మెట్లకు. డర్బనులో ఒక దినము అదనము. ఓడల పట్టికలలో ప్రతివారికిని ఒక సంఖ్య వేసి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము వ్రాసిరి. ఆ కాగితము పట్టుకొని పూర్వుల ఊరు వెదకుచున్నవారు అచట పెక్కుమంది. చిత్తూరు జిల్లావారు వచ్చిరని తెలిసిన, ఈ ఊరు మీరెరుగుదురా యని అడుగవచ్చును. గుమాస్తాలు చెవికి తోచినట్లు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసిన పేర్లవి. చదివి పోల్చుట కష్టము. సోదరీ, మీ కుమారునికి ఆ ఊళ్లు తెలియవు, మీకును కొన్నియే తెలియును. పాత తాలూకాలు, విడిపోయిన పల్లెలు, పేర్లు మారిన అగ్రహారములు ఎరిగినవారు మీ యింట మీ యత్తగారే. ఆమెను విడిచి పోవలదు. కాశికి మరుసటి యేడు పోవచ్చును.

ఒకటి రెండు చిన్నవిషయములు. దక్షిణాఫ్రికాకు వీసా ముందుగా తీసికొనవలెను. చాల వారములు పట్టవచ్చును. పచ్చిపండ్లు, విత్తనములు, మొక్కలు గొంపోయిన సుంకమువారు లాగికొందురు, కరివేపాకు కొమ్మయైనను సరే. దారిలో కెన్యాను గూడ చూడదలచినవారు పసుపుజ్వరపు టీకా పదిదినములు ముందుగా వేయించుకొనవలెను. ఆ పత్రము లేక తిరిగివచ్చిన మన విమానాశ్రయమున నిలిపివేయుదురు. అడవిబండిలో వెనుక వరుస మిక్కిలి కుదుపును. పెద్దావిడను ముందు వరుసలో కూర్చుండబెట్టుడు.