ఒకేసారి అందరూ పడుకుంటే ఊరు నడిపేదెవరు?



కరోనా మాట ఎత్తితే "అది అయిపోయిన కథ, వదిలేయ్ అన్నా" అంటున్నారు చాలామంది. అయిపోయింది కాబట్టే రాస్తున్నా. జబ్బు ఊర్లో తిరుగుతున్నప్పుడు బుర్ర పని చేయదు, భయమే పని చేస్తుంది. తీరిగ్గా ఆలోచించాల్సింది ఇప్పుడే.

మన పొలం కాడి ట్రాన్స్‌ఫార్మర్ సంగతే చూడండి. దాని కింద ఇరవై మోటార్లు ఉన్నాయనుకోండి. ఒకరి తర్వాత ఒకరు వేసుకుంటే ఏళ్ల తరబడి నడుస్తుంది. త్రీ ఫేజ్ కరెంటు రాగానే అందరి ఆటోస్టార్టర్లూ ఒక్కసారే ఎత్తుకుంటే ఫ్యూజులు ఎగిరిపోతాయి, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. మోటార్లు అవే, రైతులు వాళ్లే. తేడా అంతా "ఒకేసారి" అన్న మాటలోనే ఉంది.

తొందరగా పాకే వైరస్ చేసేది కూడా అచ్చం ఇదే. వెయ్యి మంది ఉన్న ఊర్లో నెలకు ఇరవై మంది చొప్పున పది నెలల్లో రెండు వందల మందికి జ్వరం వస్తే ఊరు తట్టుకుంటుంది. ఆ రెండు వందల మందీ ఒకే వారంలో మంచం పడితే తట్టుకోలేదు. జబ్బు ఎంత గట్టిది అన్నది ఒక లెక్క, ఎంత వేగంగా వస్తుంది అన్నది ఇంకో లెక్క. మనం మొదటిదే చూస్తాం, రెండోది మర్చిపోతాం.

2021 వేసవిలో డెల్టా రకం వచ్చినప్పుడు ఏం జరిగింది? మే 5 నుంచి రాష్ట్రమంతా మధ్యాహ్నం 12 కల్లా కర్ఫ్యూ. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ అందక 11 మంది పోయారని అధికారులే చెప్పారు. పడకలున్నాయి, డాక్టర్లున్నారు, పైపులున్నాయి. తమిళనాడు నుంచి రావాల్సిన ట్యాంకరు లేటయింది, అంతే. ఒక్క బండి మీద అన్ని ప్రాణాలు ఆధారపడినాయి.

తర్వాత ఒమిక్రాన్. దానికి ఆ పేరు పెట్టింది 2021 నవంబరు 26న. "ఇది తేలికే, జలుబు లాంటిది" అన్నారు. చాలామందికి తేలికగానే పోయింది, నిజమే. కానీ 2022 జనవరిలో హైదరాబాదు గాంధీ, ఉస్మానియా ఆస్పత్రుల్లో డాక్టర్లు, సిబ్బందే పెద్ద సంఖ్యలో పాజిటివ్ అయ్యారు. వైద్యం చేసేవాళ్లే పడుకుంటే తేలిక జబ్బు కూడా తేలికగా ఉండదప్పా.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. నీళ్లు వదిలే మనిషి ఒక్కడు. లైన్‌మన్ ఒక్కడు, అతనికి రెండు మూడు ఊర్లు. ఏఎన్ఎమ్మ ఒక్కరు. పాల సెంటర్లో కొలిచేది ఒక్కడు. బోరు మోటారు ఎత్తి బాగుచేసే మెకానిక్ ఒక్కడు. సత్యసాయి నీళ్లు వందల ఊర్లకు వస్తున్నాయంటే, ఎక్కడో పంపు దగ్గర రాత్రీ పగలూ ఎవరో కూర్చుంటున్నారు కాబట్టే. ఈ ఒక్కొక్కళ్లకు పది రోజులు జ్వరం వస్తే?

సేద్యం ఆగమంటే ఆగదు. వాన పడినాక పదును ఉండేది నాలుగు రోజులే, ఆ లోపల శెనక్కాయ విత్తాల. పాలు రెండో పూటకు విరుగుతాయి. చీనీ కాయ మన జ్వరం తగ్గేదాకా కాసుకొని ఉండదు. జబ్బు, కరువు వంతులేసుకొని కూడా రావు. 1918లో ఇన్‌ఫ్లూయెంజాకు దేశంలో కోటి మందికి పైగా పోయారని అంచనా. వానలు ఎగ్గొట్టింది కూడా ఆ ఏడే.

"ఇదంతా సర్కారు చూసుకోవాల్సిన పని కదా" అంటారు కొందరు. ఖాళీ పోస్టులు నింపేది, ఆక్సిజన్ ఉంచేది సర్కారు పనే. గట్టిగా అడగాల్సిందే. కానీ ఆవు పొదుగు జీవో వచ్చేదాకా ఆగదు. మన చేతిలో ఉన్నవి మనం చేసుకోవాల.

ఒకటి: ప్రతి పనికీ రెండో మనిషి. నీళ్ల వాల్వులు, పాల కొలత, మోటారు రిపేరి ఇంకొకరికి నేర్పించి పెట్టుకోవాల. గ్రామసభలో ఆ పేర్లు రాయించండి. కరెంటు స్తంభం మాత్రం ఎవరూ ఎక్కొద్దు. దానికి పక్క సెక్షన్ లైన్‌మన్ నంబరు ఉంచుకుంటే చాలు.

రెండు: ఇంటికి ఇల్లు జత. నువ్వు పడుకుంటే నీ గొడ్లకు మేత వేసేది ఎవరు, వాళ్లు పడుకుంటే నువ్వు. బదులు పనికి పోయే అలవాటు మనకు కొత్తేం కాదు. బీపీ, షుగర్ ఉన్న పెద్దోళ్లకు నెలకు సరిపడా మాత్రలు ఇంట్లో ఉండల్ల.

మూడు: జ్వరం వచ్చినోణ్ణి దొంగలా చూడొద్దు. 2020లో బయటినుంచి వచ్చినోళ్లు రాకుండా దారికి కంపలు అడ్డమేసిన ఊర్లు ఎన్నో. పట్నం నుంచి ఇంటికొచ్చిన కూలీబిడ్డను ఊరి బయట నిలబెడితే ఏమవుతుంది? ఇంకోసారి జ్వరం దాస్తాడు. దాచిన జ్వరమే పదిమందికి పాకుతుంది. కంప వేసే చేత్తో సంగటి గిన్నె ఇంటి ముందర పెడితే వాడు నెమ్మదిగా ఇంట్లోనే ఉంటాడు.

మాస్కు, దూరం, ఇంట్లో ఉండటం, విత్తనాలకు టోకెన్ల ప్రకారం పోవడం, ఇవన్నీ జబ్బును పూర్తిగా ఆపేస్తాయని కాదు. నీ మోటారు ఐదు నిమిషాలు ఆగి వేసుకున్నట్టు. అందరూ అట్లా చేస్తే ట్రాన్స్‌ఫార్మర్ నిలబడుతుంది.

మీ ఊర్లో నీళ్లు వదిలే ఆయన పది రోజులు రాకపోతే ఆ పని చేసేది ఎవరు? పేరు తెలిస్తే కింద రాయండి. తెలియకపోతే ఈ రాత్రే రచ్చకట్ట మీద అడగండి.