గృహ విషయములు: శివారు గదికి వైఫై



గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి శివారు భూమి యనగా నేమో వేఱుగా చెప్ప నక్కఱలేదు. ధవళేశ్వరమువద్ద ఆనకట్ట 1852లో పూర్తియైనది. నాటినుండి కాలువ మొదటనున్న చేలకు నీరు పుష్కలముగా నుండుటయు, చివరనున్న చేలవారు నారు పోసికొని ఎదురు చూచుచుండుటయు మన పెద్ద లందఱును ఎఱిగినదే. తలవద్ద నీ రెంత విడిచినను, నడుమ బోదె పూడియున్నచో శివారునకు చేరదు. మా యింట వైఫై విషయమునను అట్లే జరిగినది. ఈ నెల దానినే వ్రాయుచున్నాము.

మాది రాజమహేంద్రవరమున మూడంతస్తుల యిల్లు. క్రింద హాలులో మా మామగారు కూర్చుందురు; టీవీయు అచటనే. మధ్య అంతస్తున మేమును పిల్లలును. పై అంతస్తున వెనుకవైపు గది మా వదినగారిది. ఆమె మా యింటివారి అక్కగారు. భర్తగారు పోయినపిదప మాతోనే యున్నారు. ఇంటర్నెట్టు పెట్టినవాడు వీథిస్తంభమునుండి తీగను హాలు కిటికీగుండ లోనికి దింపి, టీవీ వెనుక రౌటరు నుంచి, పావుగంటలో పని ముగించి వెళ్ళెను. తీగ వచ్చినచోటనే పెట్టె. దాదాపు అన్ని యిండ్లలోను జరుగునది యిదియే. ఎవరు ఏ గదిలో పని చేసికొందురని యడిగినవారు లేరు, చెప్పినవారమును లేము.

వదినగారు అమెరికాలోని తెలుగు పిల్లలకు సంగీతము చెప్పుదురు. ఇచట ఉదయము ఆరు గంటలైనప్పుడు అచట తూర్పుతీరమున, వేసవిలో, ముందునాటి రాత్రి ఎనిమిదిన్నర. పిల్లలు భోజనముచేసి కూర్చుందురు. ఆ పాఠములవలన వచ్చు సొమ్ముతోనే ఆమె తన మందులును, కుమార్తె కళాశాల జీతమును చూచుకొనుచున్నారు. ఎవరిని అడుగని స్వభావము.

ఉగాది ముందొకనాడు తెల్లవారుజామున మేము క్రిందికి దిగుచుండగా, ఆమె మెట్లమలుపున చాపపై కూర్చుండి, ఒడిలో శ్రుతిపెట్టె, ఎదుట ఫోను పెట్టుకొని సరళీవరుసలు చెప్పుచుండిరి. పాఠము ముగియువఱకు ఆగి అడిగితిమి.

“వదినగారూ, ఇక్కడ కూర్చున్నారేమండీ?”

“గదిలో అందదమ్మా. ఇక్కడైతే పిల్లలకు నా గొంతు తెగకుండా వినపడుతుంది.”

“ఎన్నాళ్ళనుంచి?”

“సంక్రాంతి వెళ్ళినప్పటినుంచి. కింద అందరికీ బాగానే వస్తోంది కదా, నా ఒక్కదానికోసం ఎందుకని చెప్పలేదు.”

మాట తెగుచుండుటచేత ఇద్దఱు పిల్లలు అప్పటికే మానిరని తరువాత తెలిసినది. మాకు సిగ్గు కలిగినదని దాచనేల?

మా యింటివారు వెంటనే ప్లాను పెంచిరి. 100 ఎంబీపీఎస్ 200 అయ్యెను. హాలులో పిల్లవాని సినిమా మఱింత చుఱుకుగా వచ్చెను. పైగదిలో మాత్రము నిన్నటివలెనే. ఒక్క వీడియో పాఠమునకు ఇరువైపుల మూడు నాలుగు ఎంబీపీఎస్ నిలకడగా నున్న చాలును. ఆ కొంచెమైనను పైకి చేరకపోవుటయే వ్యాధి. ప్లాను పెంచుట తలవద్ద నీరు పెంచుటయే గదా! రెండునెలలు అధికముగా చెల్లించి తరువాత తగ్గించుకొంటిమి.

ఊరికి తీగ వచ్చుట వేఱు, గదికి వచ్చుట వేఱు. 2016 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్టు ఆరంభోత్సవము సఖినేటిపల్లి మండలములోని మోరి గ్రామమున జరిగినది. కరెంటు స్తంభములమీదుగా సన్నని గాజుతీగ నడిపి, నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్టు, టీవీ, టెలిఫోను మూడును ఇత్తుమని చెప్పిరి. మోరి అప్పుడు తూర్పుగోదావరి జిల్లాలోనిది. 2022నుండి కోనసీమ జిల్లాలోనిది. సముద్రపుటొడ్డు పల్లెకు గాజుతీగ రాగలిగినప్పుడు, మా హాలునుండి రెండంతస్తులు ఎక్కలేకపోవుట విచిత్రముగా తోచెను.

అంతట మేమొక కాగితముపై మూడంతస్తుల గదులను గీచి, ఫోనుతో గదిగదికి తిరిగి, వేగము కొలిచి అంకెలు వ్రాసితిమి. ఇది గంట పని, ఖర్చు లేదు. ఏమి కొనుటకైనను ముందు మీరును ఇది చేయుడు. హాలులో 90, మధ్య అంతస్తున మెట్లదగ్గఱ 40, వంటయింట 8, వదినగారి గదిలో ఒకమారు 2, ఒకమారు సున్న. వంటయిల్లు హాలుకు నాలుగడుగుల దూరమే! కారణము వెదకగా నడుమగోడకు ఆనించి ఇనుపబీరువా, దాని తలుపునకు నిలువుటద్దము. లోహమును, అద్దము వెనుకపూతయు తరంగములను వెనుకకు కొట్టును. నీరు వానిని మ్రింగును. శ్లాబులో నల్లిన ఇనుపకడ్డీలు జల్లెడవలె అడ్డుపడును. రెండు శ్లాబులు దాటుసరికి మిగులునది స్వల్పము. ఇవికాక మైక్రోవేవ్ పొయ్యి తిరుగునంతసేపు 2.4 గిగాహెర్ట్జ్ తరంగములకు కలత కలుగును.

రౌటరు రెండువిధముల తరంగములను పంపును. 2.4 గిగాహెర్ట్జ్‌ది వేగము తక్కువ గాని గోడలను కొంత దాటును. 5 గిగాహెర్ట్జ్‌ది వేగము మిక్కిలి, గోడ యడ్డమైన చతికిలబడును. హాలులో రెండవదానిని చూచి మురిసి, పైగదిలోను అట్లే రావలెననుకొనుట పొరపాటు.

మా పుట్టినింటివారిది కోనసీమలో మండువా లోగిలి. నడుమ ఆకాశమునకు తెఱపి, చుట్టు వసారా, గదులన్నియు ఆ తెఱపివైపే తలుపులు. అచట మా తమ్ముడు వసారా స్తంభమునకు, జల్లు పడనంత ఎత్తున రౌటరు తగిలించెను. నాలుగువైపుల గదులకును చక్కగా అందుచున్నది. మట్టిగోడ మందమైనను, తలుపు తెఱచియున్నంతకాలము తరంగమునకు దారి కలదు. మన తాతలు గాలికొఱకు కట్టినది దీనికిని పనికివచ్చినది. ఈ మాట చెప్పి మా యింటివారితో మేమొక పూట వాదించితిమి గాని, శ్లాబు కొట్టించుకొనలేము గదా.

ఇక మేము చేసిన తప్పు. రిపీటరను చిన్నపెట్టె కొని తెచ్చి నేరుగా వదినగారి గదిలో గోడకు గ్రుచ్చితిమి. దీపము వెలిగెను, ఫోనులో గీతలన్నియు నిండుగా కనబడెను, పాఠము మాత్రము సాగలేదు. రిపీటరు తాను విన్నదానినే మరల చెప్పును. వినబడనిచోట కూర్చున్నవాడు ఏమని చెప్పగలడు? దానిని మాట యింకను బాగుగా వినబడు నడిమిచోట, అనగా మెట్లమలుపున నుంచవలెను. అట్లుంచినను, చౌకరకము పెట్టె వినుటకును చెప్పుటకును ఒకే తరంగమును వాడుటచే వేగము సగమునకు దిగును. మెష్ అను పేర రెండు మూడు పెట్టెల జత లమ్ముచున్నారు. అవి తమలో తాము మాటలాడుకొని ఇల్లంతయు ఒకే వలగా చేయును. అద్దెయిండ్లవారికి, తీగ నడుపలేనివారికి అవి మంచివి. వెల కొంచెమెక్కువ.

తుదకు మాకు కుదిరినది తీగయే. తీగలేని దానికి తీగ వైద్యమేమని మామగారు నవ్విరి. హాలు రౌటరునుండి మెట్లవెంట లాన్‌తీగను నడిపి, మధ్య అంతస్తున ఒకటి, పై అంతస్తున వదినగారి గదివాకిట నొకటి చిన్నపెట్టెలు పెట్టించితిమి. వీనిని యాక్సెస్ పాయింటులందురు. ఒకటి క్రొత్తది, రెండవది అటకమీద పడియున్న పాత రౌటరే, దాని అమరికలో యాక్సెస్ పాయింటు అనుదానిని ఎంచుకొంటిమి. లాన్‌తీగ 100 మీటర్లవఱకు బలము తగ్గక తీసికొనిపోవును. మాకు పట్టినది అందులో మూడవవంతు లేదు. మూడుపెట్టెలకును ఒకే పేరు, ఒకే సంకేతపదము పెట్టితిమి గనుక ఫోను అంతస్తు మారినను మనము మార్చుకొన పనిలేదు.

తీగను బయట వ్రేలాడవిడువక ప్లాస్టిక్ గొట్టములో నడుపుడు, ఎలుకలు వదలవు. వీథినుండి వచ్చు గాజుతీగను మాత్రము మీరు కదపకుడు. మడత పడిన వెలుగు కారిపోవును, తెగిన అతుకుటకు ప్రత్యేక యంత్రము కావలెను. రౌటరు స్థలము మార్చవలసిన ఆ పనివానినే పిలువుడు. పెట్టెలన్నిటిని ఇన్వర్టరు లైనుకు కలుపుడు. క్రింది రౌటరు ఆరిన పైవి వెలిగియు ప్రయోజనముండదు. ఇల్లు కట్టుకొనుచున్న సోదరీమణులు గోడలు పూయకముందే ప్రతి అంతస్తునకు, వంటయింటికిని కలిపి, ఒక ఖాళీగొట్టము వేయించుకొనవలెను. అప్పుడది కూలిలో కలిసిపోవు పని. తరువాత గోడ కొట్టవలసివచ్చును. మేస్త్రీ టీవీ కెక్కడని అడుగును. వంటయింటిమాట మనమే చెప్పవలెను.

బీరువాను పక్కగోడకు జరిపితిమి. వంటయింట ఇప్పుడు 35. వదినగారి గదిలో 60కి తగ్గుటలేదు. ఆమె చాప మెట్లమీదినుండి గదిలోనికి మారినది గాని, మొదటి వారము అలవాటుచొప్పున శ్రుతిపెట్టె తీసికొని మెట్లకే వచ్చుచుండిరి. మానిన యిద్దఱిలో ఒక బాలిక శ్రావణమాసమున మరల చేరినది. రెండవ పిల్ల అప్పటికే వేఱొకరివద్ద చేరినదట.