యుద్ధపు ఫోటోలు – నిజానిజములు



2025 మే నెలలో భారత, పాకిస్తానుల మధ్య ఘర్షణ జరిగిన దినములలో వీడియో ఆటలలోని దృశ్యములు నిజమైన విమానదాడులుగా ఫోనులలో తిరిగినవి. మా ఊరిలో సైన్యమునకు పిల్లలను పంపిన తెలుగు ఇండ్లు గలవు. వాటిని చూచి ఆ తల్లులు అన్నము ముట్టలేదు. అవి ఆటబొమ్మలని తెలిసిన పిమ్మట కొందరు "యుద్ధపు ఫోటోలన్నియు బూటకములే" యనుచున్నారు. ఈ రెండవ మాటయే ఎక్కువ ప్రమాదకరమైనదని నా అభిప్రాయము.

లక్నోలోని సికందర్ బాగ్‌ను 1857 నవంబరులో ఆంగ్ల సైన్యము పట్టుకొని, సుమారు రెండువేలమంది సిపాయీలను చంపినది. శిథిల భవనము ముందు ఎముకలు చెల్లాచెదరుగా పడియున్న ఫోటోను మనము చరిత్ర పుస్తకములలో చూచుచున్నాము. దానిని తీసిన ఫెలిచే బియాటో 1858లో గాని మన దేశమునకు రానేలేదు. నెలలు గడచిన తరువాత, చిత్రము కొరకే ఆ అస్థులను బయటికి తీసి పరపించినారని చరిత్రకారులు పలువురు భావించుచున్నారు. శీర్షికలో మాత్రము 1857 నవంబరు దాడి పేరే యున్నది. వధ నిజము, దృశ్యము అమర్చినది. ఫోటో అమర్చినదని వధయే జరుగలేదందుమా?

1945 మే 2న బెర్లినులో రైక్‌స్టాగ్ భవనముపై సోవియట్ జెండాను చూపిన ఫోటో మరొక తరహా. తీసిన యెవ్గెనీ హల్దేయ్ జెండాను తానే వెంట తెచ్చుకొన్నాడు. జెండా ఎత్తువానిని క్రిందనుండి ఆదుకొనుచున్న సైనికుని రెండు చేతులకు రెండు గడియారములుండుటచే, దోపిడి సొమ్మనుకొందురేమోయని ఒకదానిని గీకివేసినారు. పొగను గూడ దట్టము చేసినారు. చెరిపివేసిన గడియారమే నేడు మనకు ఎక్కువ సంగతులు చెప్పుచున్నది!

ఇందుకు భిన్నమైనది ఐవో జిమా ఫోటో. 1945 ఫిబ్రవరి 23న జో రోసెంతాల్ తీసిన ఈ చిత్రము నాటకమని ఏండ్లతరబడి అన్నారు. ఆ దినముననే అంతకుముందు ఒక చిన్న జెండా ఎత్తిన మాట వాస్తవమే. ఫోటోలోనిది రెండవది, పెద్దది. కాని ప్రక్కనే నిలిచి వేరొకరు తీసిన చలనచిత్రములో అదే ఘట్టము ఎడతెగక కనిపించుచున్నది. నాటకము కాదని తేలినది. అయినను అందలి సైనికుల పేర్లను 2016లోను, మరల 2019లోను సవరింపవలసి వచ్చినది.

కనుక బొమ్మను ఎంత తేరిపార చూచినను చాలదు. యంత్రము కల్పించిన చిత్రములలో వ్రేళ్ళు లెక్కపెట్టుమను సలహా ఇప్పటికే పాతబడినది. ఎవరు తీసిరి, ఎన్నడు, ఎక్కడ, అదే ఘట్టమును వేరొకరు తీసిరా యని అడుగవలెను. ఆ బొమ్మనే గూగుల్‌లో వెదకినచో పాత సంవత్సరము పలుమార్లు బయటపడును. మా యింటి బడిపిల్లలే నాకిది నేర్పినారు.

పత్రికలవారు యుద్ధపు ఫోటో వేసినప్పుడెల్ల తేదీ, స్థలము, తీసినవారి పేరు క్రింద ముద్రింపవలెను. తప్పు దొర్లినచో సవరణను లోపలి మూలలో గాక, ఫోటో పడిన పుటలోనే ప్రకటింప గోరుచున్నాను.

బరంపురము
— ఒక పాఠకుడు