ఫోన్ మన చేతిలో... మీటలు ఎవరి చేతిలో?

మీ ఇంట్లో కార్డ్‌లెస్ ఫోన్ ఉందా? ఉంటే ఓసారి చేతిలోకి తీసుకుని దానిమీదున్న మీటలు లెక్కపెట్టండి. అంకెలు పది, స్టారూ హ్యాషూ కలిపితే పన్నెండు. వాటిపైన మరో అరడజను. సరే, ఇన్నింటిలో మనం వాడేవెన్ని? మోగితే ఒక మీట, మాటలయ్యాక ఇంకో మీట. మిగతావన్నీ కొన్ననాడు ఎంత కొత్తగా ఉన్నాయో ఈనాటికీ అంతే కొత్తగా ఉంటాయి. పట్టుచీర కొని బీరువాలో దాచుకున్నట్టు!

"అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లుంటే ఇంకా కార్డ్‌లెస్ గోలేమిటమ్మా" అని నవ్వేవాళ్లుంటారు. నవ్వనివ్వండి. ఇంటర్నెట్ కోసం ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్న ఇళ్లలో చాలావాటికి ఒక ల్యాండ్‌లైన్ నంబరు కూడా ఉంది. పిల్లలు దూరదేశాల్లో ఉండి, ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్లకు అద్దంలాంటి తెరమీద వేలు జార్చడం కన్నా, ఎత్తుగా చేతికి తగిలే అంకెల మీటలే సుఖం. ఆ ఇళ్లలో ఆ ఫోన్ అలంకారం కాదు, ఆసరా.

మా చిన్నతనంలో ఫోన్ ఉన్న ఇల్లంటే గొప్ప. నడవాలోనో ముందుగదిలోనో బల్లమీద, ఎంబ్రాయిడరీ చేసిన గుడ్డ కప్పుకుని కూర్చునేది. కొన్ని ఇళ్లలో డయల్‌కి చిన్న తాళంకప్ప! తాళంచెవి మగవాళ్ల జేబులో ఉండేది. ఆడవాళ్లు పుట్టింటివాళ్లతో మాట్లాడాలంటే మామగారి పేపరు చదువుడుకీ, మరిది టీవీకీ మధ్యన నిలబడి, "ఆ... ఊ... బాగానే ఉన్నాం" అని నాలుగు ముక్కలు చెప్పి పెట్టెయ్యాల్సిందే. వైరు ఎంత పొడుగో మన మాటల స్వేచ్ఛ అంత.

ఆ వైరును తెంపింది కార్డ్‌లెస్. పొయ్యిమీద పప్పు ఉడుకుతుండగా వంటింట్లోనో, బట్టలారేస్తూ డాబామీదో అమ్మతో కాస్త మనసు విప్పి మాట్లాడుకునే వీలొచ్చింది. కాళ్లకి స్వేచ్ఛ వచ్చింది బాగానే ఉంది. వేళ్లకి మాత్రం రాలేదంటాను నేను.

ఎందుకు రాలేదో చూడండి. ఫోన్ కొనగానే పెట్టె విప్పేది ఎవరు? శ్రీవారో, అబ్బాయో. నంబర్లు ఎక్కించేదీ వాళ్లే. దాంతోపాటు వచ్చిన చిన్న పుస్తకం గ్యారంటీ కార్డుతో కలిసి సొరుగులోకి పోతుంది. "అమ్మకి తియ్యడం, పెట్టడం వస్తే చాలు" అనేస్తారు. మనమూ "నాకెందుకులే ఇవన్నీ" అనేస్తాం. అదే మనం ప్రెషర్ కుక్కర్ గాస్కెట్ మారుస్తాం. మిక్సీ ఆగిపోతే దాని అడుగునున్న ఎర్ర మీట నొక్కి మళ్లీ తిప్పుతాం. వాషింగ్ మెషీన్‌లో ఏ బట్టకి ఏ నంబరో నిద్రలో లేపి అడిగినా చెబుతాం. అవి పని చేసే యంత్రాలు కనుక మనకి రావాలి. ఇది మాట్లాడే యంత్రం కనుక రాకపోయినా ఫరవాలేదు! ఇదెక్కడి న్యాయం?

రాకపోతే ఏమవుతుందో మా పెద్దమ్మ విషయంలో చూశాను. ఆవిడ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. కొడుకు సెలవులకి వచ్చినప్పుడు కూతురి సెల్ నంబరూ, డాక్టరుగారిదీ, గ్యాసు అబ్బాయిదీ ఒక్కొక్క మీటకి ఎక్కించి వెళ్లాడు. ఒకటి నొక్కితే కూతురు, రెండు నొక్కితే డాక్టరు. హాయిగా సాగిపోతోంది. 2021 జనవరి 15 నుంచి మన దేశంలో ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌ఫోన్‌కి చెయ్యాలంటే నంబరు ముందు సున్నా పెట్టాలన్న నియమం వచ్చింది. పెద్దమ్మ ఫోన్లో ఉన్న నంబర్లకి సున్నా లేదు. ఏ మీట నొక్కినా "ఎవరో పిల్ల ఏదో చెబుతోందే, నా చెవికి అందడంలేదు" అనేది. అవి కరోనా రోజులు. రాకపోకలు అంతంత మాత్రం. పక్క ఊళ్లో చెల్లెలి ల్యాండ్‌లైన్‌కి పోతోంది, కన్నకూతురి సెల్‌కి పోవడంలేదు. ఫోన్ పాడైపోయిందనుకుని మూడువారాలపాటు ముట్టుకోవడమే మానేసింది. ఆ మూడువారాల్లో ఏ రాత్రో గుండెల్లో నొప్పి వచ్చి ఉంటే?

నేను వెళ్లినప్పుడు ఆ నంబర్లు నేను సరిచెయ్యలేదు. "పెద్దమ్మా, నువ్వే నొక్కు" అన్నాను. "నాకెందుకే తల్లీ, కళ్లు కనపడి చావవు" అంది. కళ్లజోడు పెట్టించాను. మెనూ, ఫోన్‌బుక్, ఎడిట్... ముందు సున్నా. మొదటి నంబరుకి పావుగంట పట్టింది. మూడోదానికి రెండు నిమిషాలు. తర్వాత గ్యాసు అబ్బాయి నంబరు మారితే నన్ను పిలవనేలేదు. కొత్తది తనే ఎక్కించుకుంది. డెబ్భై దాటిన మనిషికి రాగాలేనిది మనకి రాదా?

అంత కష్టమైన విద్యేమీ కాదిది. అవతలివాళ్లతో మాట్లాడుతూ ఇంట్లోవాళ్లకి ఏదో చెప్పాల్సి వస్తే చేత్తో ఫోన్ మూస్తాం. మనం మూసేది ఎక్కడో, మాట దూరే చిన్న చిల్లు ఎక్కడో! "అబ్బ, ఈవిడ వదిలేటట్టు లేదు" అన్నమాట వదినగారికి శుభ్రంగా వినపడుతుంది. మ్యూట్ అనే మీట ఉన్నది అందుకే. హ్యాండ్‌సెట్ సోఫా సందులో పడిపోతే ఇల్లంతా గాలించక్కర్లేదు. కింద ఉండే బేస్ మీది పేజ్ మీట నొక్కితే అదే కుయ్యోమంటుంది, బ్యాటరీలో ప్రాణముంటే. చార్జి నిలవడం లేదని కొత్త సెట్టు కొనేవాళ్లున్నారు. చాలా సెట్లలో ఉండేవి రిమోట్‌లో వేసే సన్న సెల్స్‌లాంటి రీచార్జబుల్ సెల్సే. అవి మారిస్తే సరిపోతుంది. అయితే మామూలు సెల్స్ మాత్రం పొరపాటున కూడా వెయ్యకండి, చార్జి ఎక్కుతుంటే కారిపోతాయి, పేలినా పేలొచ్చు.

ఇంకోటి ముఖ్యమైనది. కరెంటు పోతే కార్డ్‌లెస్ మూగబోతుంది. హ్యాండ్‌సెట్‌లో బ్యాటరీ ఉన్నా బేస్‌కి కరెంటు కావాలి. పాత రాగి తీగల లైనుకి తగిలించిన మామూలు ఫోన్‌కి ఎక్స్ఛేంజి నుంచే కరెంటు వచ్చేది గనుక చీకట్లోనూ పలికేది. ఫైబర్ లైనుకి ఆ సదుపాయం లేదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఫైబర్ పెట్టె, ఫోన్ బేస్ రెండూ దానికి కలిపించండి. ఒకటి కలిపి ఒకటి వదిలేస్తే లాభం లేదు.

మీటలన్నీ మన మేలుకేనా అంటే అదీ కాదు. ఇంటర్‌కమ్ సంగతే చూడండి. మేడమీదో హ్యాండ్‌సెట్, కిందో హ్యాండ్‌సెట్ ఉంటే ఒకదాన్నుంచి ఒకదానికి పిలుచుకోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న అత్తగారికి అది వరమే. కానీ కొన్ని ఇళ్లలో అది "కాఫీ పట్రా" అనే పిలుపుగంట అయిపోయింది. వెనకటికి కేక వేసేవారు, ఇప్పుడు మీట నొక్కుతున్నారు. అలాగే రీడయల్, కాల్ లిస్టు. కోడలు పుట్టింటికి ఎన్నిసార్లు చేసిందో లెక్కతీసే చిత్రగుప్తుడి చిట్టా కూడా అదే. ఏ చిట్టా ఎక్కడుందో, దాన్ని చెరపడమెలాగో మనకి తెలిసుంటే, ఉంచాలా వద్దా అన్నది మనిష్టం. తెలియకపోతే తెలిసినవాళ్లదే రాజ్యం.

ఇక వచ్చే ఫోన్ ఎవరిదో చూపించే తెర. పోలీసులమనీ, సీబీఐ అనీ బెదిరించి, "డిజిటల్ అరెస్టు చేశాం, ఎవరికీ చెప్పకు" అంటూ ఒంటరి పెద్దవాళ్ల డబ్బు ఊడ్చుకుపోయిన ఘోరాలు 2024లో ఎన్ని విన్నాం! అలాంటి అరెస్టు మన చట్టంలోనే లేదు. తెరమీద కనపడే నంబరునే నమ్ముకుని కూర్చోవద్దు. దాన్నీ మార్చి చూపించగలరు. అప్పుడు పనికొచ్చేది ఫోన్ పెట్టేసే మీటే. పెద్దమనిషిలా మాట్లాడుతున్నాడు, మధ్యలో పెట్టేస్తే ఏమనుకుంటాడో అన్న మొహమాటమే వాళ్ల పెట్టుబడి. డబ్బు పోయిందా, ఆలస్యం చెయ్యకుండా 1930కి చెప్పాలి. ఆ నంబరుతోపాటు 112, 108, ఆడవాళ్ల సహాయానికున్న 181 కూడా ఫోన్లో ఎక్కించి, కాగితంమీద పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ పక్కనే అతికించండి.

కనుక నేననేది ఒక్కటే. వచ్చే ఆదివారం ఆ సొరుగులోంచి చిన్న పుస్తకం బయటికి తియ్యండి. ఇంగ్లిషు కష్టమనిపిస్తే పిల్లల చేత చదివించుకోండి, నొక్కడం మాత్రం మీరే నొక్కండి. రోజుకో మీట చాలు, వారం పదిరోజుల్లో ఫోన్ మొత్తం మన వశమవుతుంది. అమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు ఆవిడ చేతా నొక్కించండి. చేసిపెట్టి వచ్చెయ్యకండి. చేసిపెట్టింది మనం గడప దాటేవరకే, నేర్పింది ఆవిడకి చివరిదాకా ఉంటుంది. ఏమంటారు?