కాన్పు తరువాత

పార్వతీపురం మన్యం జిల్లా కురుపాం కొండలలో నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చిన వార్తను అందరూ చదువుతారు. కాన్పు క్షేమంగా జరిగితే చాలుననుకొంటారు. ఆ కాన్పు తల్లిమీద మోపిన భారం మాత్రం ఏండ్ల తరబడి నిలుస్తుంది. గర్భకాలంలో సుమారు 1000 మిల్లీగ్రాముల ఇనుము ఆమెకు అదనంగా కావాలి. ఎడం లేని కాన్పులలో ఆ లోటు పూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏండ్ల స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. గర్భిణిగా ఉన్నప్పుడు రక్తపోటు పెరిగిన స్త్రీకి, ప్రసవానంతరం అది తగ్గినా, నడివయస్సులో గుండెజబ్బు ముప్పు ఎక్కువ. పదిమందిని కన్న అవ్వలు గట్టిగా లేరా అని కొందరంటారు. కనబడేది బతికిన అవ్వలే కదా! యాభై ఏండ్ల సవర స్త్రీ ఆయాసంతో ఆసుపత్రికి వస్తే, ఆమె కాన్పుల వివరం వైద్యుడు తప్పక అడగాలి. బిడ్డ టీకాలు పూర్తికాగానే మూలపడే తల్లీబిడ్డల కార్డు అప్పుడు ఆమె చేతిలో ఉండాలి.