తీరిక వేళ: సూదిమొన మీద పాట

పెట్రోలియం అనగానే బడ్జ్ బడ్జ్ చమురు కేంద్రంలో పనిచేసే మనకు ట్యాంకులు, పైపులైన్లు కన్నుల ముందు నిలుస్తాయి, పాట స్ఫురించదు. కాని ఎల్.పి. రికార్డుకు ముడిసరుకైన పాలీ వినైల్ క్లోరైడు పుట్టేది పెట్రోలియం నుండి లభించే ఎథిలీను, ఉప్పు నుండి లభించే క్లోరిను కలయిక వల్లనే. అంతకు పూర్వపు 78 చుట్ల రికార్డులు లక్కతో చేసినవి. లక్కలో కలిపే రాతిపొడి వలన గరగర శబ్దం తప్పేది కాదు. 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ విడుదల చేసిన ఎల్.పి. నునుపైన వినైలుతో చేసినది కనుక గాయకుని ఊపిరి సైతం వినిపించసాగింది.

మన దేశపు రికార్డుల పుట్టినిల్లు కూడ మనకు దూరం కాదు. గ్రామఫోన్ కంపెనీ 1908లో సియాల్దాలోను, 1928లో దమ్ దమ్‌లోను కర్మాగారాలు నెలకొల్పింది. తెలుగు నాట ఇంటింటా మ్రోగిన పాటలెన్నో ఈ హుగ్లీ తీరపు నగరంలోనే రికార్డులై అచ్చట చేరినవి.

మా తల్లిగారు శ్రీకాకుళం నుండి వచ్చేటప్పుడు ఘంటసాల గారి భగవద్గీత రికార్డును చీరల నడుమ దాచి తెచ్చుకున్నారు. ప్రతి ఉదయం ఇంట అదే మ్రోగేది. కొంతకాలానికి గొంతు బొంగురుపోయినట్లు తోచింది. దోషం స్పీకర్లదని తలచి, బోనసు సొమ్ముతో క్రొత్తవి కొన్నాము. ఫలితం శూన్యం. చివరకు ఒక వృద్ధ మెకానిక్కు సూదిని భూతద్దం క్రింద చూపించాడు. మొన అరిగి, ఉలివలె గాడిని చెక్కివేస్తున్నది! సూది మార్చాము, గాడిని మార్చలేము కదా. మా తల్లిగారు మమ్ము ఒక్క మాట అనలేదు. ఆ మౌనమే మాకు శిక్ష.

కావున పాఠక మిత్రులకు మా మనవి. సొమ్ము ముందుగా సూదికి, పిదప స్పీకర్లకు వెచ్చించండి. వజ్రపు సూదికైనా ఆయుస్సు కొన్ని వందల గంటలే. 78 రికార్డుల సూదిని ఎల్.పి. పై ఎన్నడూ వాడరాదు. దాని మొన వెడల్పు, ఎల్.పి. గాడి సన్నం. రికార్డులను ఒకదానిపై ఒకటి పేర్చక, పుస్తకాలవలె నిలువుగా ఉంచాలి. ఇచ్చటి వర్షాకాలపు చెమ్మకు బూజు పట్టకుండా అప్పుడప్పుడు తీసి, మెత్తని పొడిబట్టతో గాడుల వెంబడి తుడవాలి.

మీ యంత్రం సరిగా ఉన్నదో లేదో తెలుసుకొనుటకు ఒక రికార్డు చెబుతాము. పాత రికార్డులకు పేరుపడిన ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో వెదికి చూడండి. 1964లో వెలువడిన మడ్డీ వాటర్స్ 'ఫోక్ సింగర్'. మిసిసిపీ ప్రత్తి తోటలలో పెరిగి, 1943లో షికాగో చేరిన నల్లజాతి గాయకుడాయన. ఆయన పాడినది బ్లూస్, అనగా కష్టజీవుల గోడు. ఇందులో ఆర్భాటం లేదు. ఆయన గొంతు, రెండు గిటార్లు, బాసు, డ్రమ్ములు. వాని నడుమ నిశ్శబ్దం. సూది మంచిదైతే ఆ నిశ్శబ్దం నిర్మలంగా ఉంటుంది, గాయకుడు మన గదిలోనే కూర్చున్నట్లుంటుంది. ఉత్తరాంధ్ర నుండి ఈ తీరపు జనుము మిల్లులకు వలస వచ్చిన వారి బిడ్డలకు ఆ గొంతులోని దిగులు అర్థం కావడానికి ఇంగ్లీషు అక్కరలేదు.

ఈ ఆదివారం పాట పెట్టే ముందు ఒక్కసారి సూదిని పరీక్షించండి. మీ ఇంట ఎవరికో ప్రాణమైన గొంతు దాని మొన మీదనే ఉన్నది.